పాత స్పోర్ట్స్ కారు కొనే ముందు పరిశీలన: కర్నూలు, అనంతపురం, కడప కొనుగోలుదారులు తరచుగా అడిగే ప్రశ్నలు

మన ప్రాంతంలో పాత స్పోర్ట్స్ కారు కొనేవారిలో చాలామంది దానిని బెంగళూరులోనో, హైదరాబాదులోనో, చెన్నైలోనో చూసి, అక్కడే డబ్బు చెల్లించి, నడుపుకుంటూ ఇంటికి తెచ్చుకుంటారు. కారు ఇంటి ముందుకు వచ్చిన తరువాత బయటపడిన ప్రతి పెద్ద లోపానికీ మళ్ళీ రెండు వందల కిలోమీటర్ల దూరంలోని వర్క్‌షాపుకే వెళ్ళాలి, అదీ చాలాసార్లు లారీ మీద. అందువల్ల పరిశీలన అంతా బయానా ఇవ్వకముందే, కారు ఉన్న ఊళ్ళోనే పూర్తి కావాలి. కర్నూలులో ఉంటూ తెలిసినవారి కోసం ఇలాంటి కార్లు చూసిపెడుతున్న నన్ను పదే పదే అడిగే ప్రశ్నలకు ఇక్కడ జవాబులు రాశాను.

ప్రశ్న: మామూలు పాత కారును చూసినట్టే చూస్తే సరిపోదా? మా మెకానిక్‌కు ఇరవై ఏళ్ళ అనుభవం ఉంది.

ఆయన అనుభవం తప్పకుండా పనికివస్తుంది, ఆయనను వెంట తీసుకువెళ్ళండి. అయితే స్పోర్ట్స్ కారులో రెండు విషయాలు వేరుగా ఉంటాయి. మొదటిది, ఈ కారు ఎన్ని కిలోమీటర్లు తిరిగిందన్న దానికన్నా ఎలా తిరిగిందన్నదే దాని ఆయుష్షును నిర్ణయిస్తుంది. ఇరవై వేల కిలోమీటర్లే తిరిగినా, చల్లటి ఇంజిన్ మీద ప్రతి ఉదయం యాక్సిలరేటర్ అదిమి తొక్కిన కారు, జాగ్రత్తగా ఎనభై వేలు నడిపిన కారు కన్నా బాగా అరిగిపోయి ఉండవచ్చు. రెండవది, విడిభాగాల ధర పాత కారు ధరను బట్టి తగ్గదు. కోటి రూపాయల కారు పాతబడి ముప్పై లక్షలకు వచ్చినా, దాని బ్రేకు డిస్కులు, షాకబ్జర్లు, గేర్ బాక్స్ మాత్రం కోటి రూపాయల కారువే. కనుక మీ మెకానిక్‌తో పాటు, ఆ కంపెనీ కార్లనే రోజూ విప్పి బిగించే వర్క్‌షాపులో ఒక పూట పరిశీలన చేయించండి. దానికయ్యే ఖర్చు ఎంతైనా, ఒక్క జత వెనుక టైర్ల ధరను మించడం అరుదు.

ప్రశ్న: కారు చూడటానికి ఎప్పుడు వెళ్ళాలి?

తెల్లవారుజామున, ఇంజిన్ చల్లగా ఉన్నప్పుడు వెళ్ళాలి. ముందురోజు రాత్రే అమ్మే వ్యక్తికి ఫోన్ చేసి, మేము వచ్చేవరకు సెల్ఫ్ వేయవద్దని స్పష్టంగా చెప్పండి. చేరగానే పలకరింపుల మధ్యలోనే బానెట్ మీద అరచేయి ఆనించి చూడండి. పోర్షే 911 వంటి కారైతే ఇంజిన్ వెనుక ఉంటుంది కనుక వెనుక మూత మీద చేయి పెట్టాలి. వెచ్చగా ఉంటే ఆ రోజుకు ఇంజిన్ పరీక్ష లేనట్టే, మరో ఉదయం రావాలి. ఎందుకంటే ఇంజిన్‌లోని చాలా జబ్బులు చల్లగా ఉన్న మొదటి అర నిమిషంలోనే తెలుస్తాయి. టైమింగ్ చైన్ వదులైతే గలగలమనే చప్పుడు వస్తుంది, వాల్వ్ సీళ్ళు పోతే సైలెన్సర్ నుంచి నీలం పొగ లేస్తుంది. తెల్లటి ఆవిరి కాసేపట్లో ఆగిపోతే అది తేమ మాత్రమే. ఇంజిన్ వేడెక్కిన తరువాత కూడా తియ్యటి వాసనతో ఆగకుండా వస్తూ ఉంటే కూలెంట్ సిలిండర్లలోకి పోతోందని అనుమానించాలి. సిలిండర్లు అడ్డంగా పడుకుని ఉండే పోర్షేల ఇంజిన్‌లో రాత్రంతా నిలిచిన తరువాత ఒకసారి కొద్దిగా నీలం పొగ రావడం సహజమే, దానికి భయపడనక్కరలేదు.

వెళ్ళేటప్పుడు మంచి టార్చి, చిన్న అద్దం, పెయింట్ మందం కొలిచే మీటరు, కారు కంప్యూటరులోని లోపాల కోడ్‌లు చదివే ఓబీడీ స్కానరు తీసుకువెళ్ళండి. వర్షం పడుతుండగానో, అప్పుడే కడిగిన తడి కారునో చూడవద్దు. తడి పెయింట్ మీద ఏ లోపమూ కనిపించదు.

ప్రశ్న: వరదలో మునిగిన కారును ఎలా గుర్తుపట్టాలి?

ఇది నేను అన్నిటికన్నా ముందు చూసే విషయం, కారణం మన దగ్గరికి కార్లు వచ్చే ఊళ్ళే. 2015 డిసెంబరులో, 2023 డిసెంబరులో చెన్నై, 2020 అక్టోబరులో హైదరాబాదు, 2022 సెప్టెంబరులో బెంగళూరు ఔటర్ రింగ్ రోడ్డు ప్రాంతం నీట మునిగినప్పుడు ఖరీదైన కార్లు ఎన్నో సెల్లార్లలో నిలువునా తడిశాయి. బీమా కంపెనీ పూర్తి నష్టం కింద పరిహారం చెల్లించి వదులుకున్న అలాంటి కారు వేలంలో తక్కువకు అమ్ముడుపోయి, శుభ్రమై, మెరుపు దిద్దుకుని మళ్ళీ మార్కెట్లోకి రావడానికి ఆట్టే కాలం పట్టదు. 2009 అక్టోబరులో కర్నూలు మునిగిన తరువాత ఇళ్ళు కడుక్కున్నవారికి బురద ఎంత సన్నని సందులోకైనా దూరుతుందని వేరే చెప్పనక్కరలేదు. కారులోనూ అంతే. పైకి కనిపించే చోట్లు ఎవరైనా కడుగుతారు, కడగడానికి చేయి పట్టని చోట్లే మనం చూడాలి.

కొన్నేళ్ళ కిందట మా బంధువు ఒకరి కోసం బెంగళూరులో రెండు తలుపుల నీలం రంగు కూపేను చూశాను. లెదర్ సీట్లు కొత్తవాటిలా ఉన్నాయి, కార్పెట్ నుంచి మంచి సుగంధం వస్తోంది. ఆ సుగంధమే నాకు అనుమానం కలిగించింది. డ్రైవరు సీటు బెల్టును పట్టుకుని, ఇక రాదు అనేవరకు మొత్తం బయటికి లాగాను. చివరి జానెడు మేర బెల్టు మీద టీ మరకలాంటి గీత ఒకటి అడ్డంగా ఉంది, దాని కింది భాగం గరుకుగా ఉంది. వేలితో రుద్దితే సన్నని మట్టి పొడి సీటు మీద రాలింది. అమ్మే వ్యక్తి దాన్ని చూసి ఏమీ మాట్లాడలేదు, మేమూ ఏమీ అడగకుండా తిరిగి వచ్చేశాం. అప్పటి నుంచి ఏ కారు చూసినా అన్ని సీట్ల బెల్టులూ చివరివరకు లాగి చూడటం నాకు అలవాటైంది.

బెల్టులతో పాటు సీట్ల కింద ఉండే పట్టాలు, బోల్టుల తలలు తుప్పు పట్టాయేమో టార్చితో చూడండి. డిక్కీలోని కార్పెట్ ఎత్తి, స్టెప్నీ గుంతలో లేదా దాని బదులు బ్యాటరీ పెట్టిన గుంతలో మట్టి పేరుకుందేమో తడమండి. హెడ్‌లైట్ల లోపల నీటి గీత, డాష్‌బోర్డు కింది వైర్ల కనెక్టర్లలో పచ్చటి కిలుము ఉన్నాయేమో పరిశీలించండి. చాలా యూరప్ కార్లలో కారు పనులను నడిపే చిన్న కంప్యూటర్లను (కంట్రోల్ యూనిట్లను) సీటు కిందనో కార్పెట్ అడుగుననో అమరుస్తారు కనుక మోకాలి లోతు నీరు కూడా వాటిని పాడుచేయగలదు, ఆ ఫలితం ఆరు నెలల తరువాత ఒక్కొక్క లైటు, ఒక్కొక్క సెన్సరు పనిచేయకుండా పోవడంతో మొదలవుతుంది.

బీమా పాలసీ కాగితం కూడా ఒక సాక్షి. అందులో నో క్లెయిమ్ బోనస్ 50 శాతం ఉంటే ఐదేళ్ళుగా క్లెయిమ్ లేనట్టు. నాలుగేళ్ళుగా ఒకే యజమాని దగ్గర ఉన్న కారుకు అది సున్నా ఉంటే కారణం అడగండి, సమాధానానికి సంబంధించిన బిల్లులు చూపించమనండి.

ప్రశ్న: యాక్సిడెంట్ అయిన కారు అని ఎలా తెలుస్తుంది? అయస్కాంతంతో చూడవచ్చా?

స్పోర్ట్స్ కార్లలో బానెట్, డోర్లు తరచుగా అల్యూమినియంతోనో, కొన్ని భాగాలు ప్లాస్టిక్, కార్బన్ ఫైబర్‌తోనో చేస్తారు కనుక అయస్కాంతం అంటుకోకపోయినంత మాత్రాన పుట్టీ పూశారని అనుకోకూడదు. అల్యూమినియం మీద కూడా చదవగల పెయింట్ మీటరు వాడండి. కంపెనీ పెయింట్ సాధారణంగా 100 నుంచి 160 మైక్రాన్ల మధ్య ఉంటుంది. 250 దాటితే మళ్ళీ పెయింట్ వేశారు, 500 దాటితే కింద పుట్టీ ఉండే అవకాశం ఎక్కువ. ముందు బంపరుకు మళ్ళీ రంగు వేయడం ఈ కార్లలో మామూలే. రాళ్ళు తగిలి చుక్కలు పడతాయి, స్పీడ్ బ్రేకర్లు గీకుతాయి. పైకప్పు మీద, తలుపు తీస్తే కనిపించే స్తంభాల మీద అంకె పెరిగితే మాత్రం ఆ కారును వదిలేయడమే మేలని నా అభిప్రాయం. ఫెండర్లను బిగించిన బోల్టుల మీద పెయింట్ చెదిరిందా, అన్ని అద్దాల మీద ముద్రించిన తయారీ సంవత్సరం ఒక్కటేనా, కింద జాకీ పెట్టే చోట్లు నలిగి వంగిపోయాయా అన్నవీ చూడండి.

ప్రశ్న: మీటరు రీడింగును నమ్మవచ్చా?

మీటరును ఒక్కదాన్నే నమ్మవద్దు, దాన్ని మరో లెక్కతో సరిచూడండి. చాలా యూరప్ కార్లలో ఇంజిన్ కంట్రోల్ యూనిట్ తాను ఎన్ని గంటలు నడిచిందో లెక్క ఉంచుతుంది, ఆ కంపెనీకి సరిపడే స్కానరుతో దానిని చదవవచ్చు. మీటరులోని కిలోమీటర్లను ఆ గంటలతో భాగించండి. 40,000 కిలోమీటర్లకు 1,200 గంటలైతే సగటు వేగం గంటకు దాదాపు 33 కిలోమీటర్లు వస్తుంది, ఊళ్ళోనూ హైవేలోనూ కలిపి తిరిగిన కారుకు అది న్యాయమైన అంకె. అదే 30,000 కిలోమీటర్లకు 2,400 గంటలు కనిపిస్తే సగటు 12.5 అవుతుంది, బెంగళూరు ట్రాఫిక్‌లోనే బతికిన కారుకైనా అది చాలా తక్కువ, మీటరును వెనక్కి తిప్పారన్న అనుమానం బలపడుతుంది. సర్వీసు బిల్లుల మీద తేదీ వారీగా రాసిన రీడింగులు, స్టీరింగ్, డ్రైవరు సీటు అంచు, పెడళ్ళ అరుగుదల ఈ లెక్కకు తోడు నిలవాలి.

పోర్షేల 997 (911), 987 (బాక్స్‌టర్, కేమన్) తరాల కార్లలో మరో నమోదు ఉంటుంది. ఇంజిన్‌ను దాని హద్దు దాటి ఎన్నిసార్లు తిప్పారో ఆరు అంచెలుగా నమోదవుతుంది. మాన్యువల్ గేర్ల కారులో ఐదు నుంచి నాలుగుకు దించబోయి పొరపాటున రెండో గేరులో వేస్తే, చక్రాలే ఇంజిన్‌ను బలవంతంగా తిప్పుతాయి, ఆ సమయంలో ఏ ఎలక్ట్రానిక్ కట్టడీ దానిని ఆపలేదు. పై అంచెలలో నమోదులు ఉంటే అవి ఎన్ని ఇంజిన్ గంటల దగ్గర జరిగాయో చూడండి. అది జరిగిన తరువాత కారు వందల గంటలు సాఫీగా నడిచి ఉంటే కొంత ధైర్యం, మొన్న మొన్నటిదైతే సిలిండర్లలో ఒత్తిడి కొలిచే కంప్రెషన్, ఆ ఒత్తిడి ఎంత కారిపోతోందో చూసే లీక్‌డౌన్ పరీక్షలు చేయించకుండా ముందుకు పోవద్దు. కంప్రెషన్ పరీక్షలో సిలిండర్ల మధ్య తేడా పది, పదిహేను శాతం లోపు ఉండాలి.

స్కానరు పెట్టినప్పుడు ఎర్రర్ కోడ్ ఒక్కటీ లేకపోవడం చూసి వెంటనే సంతోషించకండి. ముందురోజే కోడ్‌లన్నీ చెరిపేసి ఉంటే, కారు తనను తాను పరీక్షించుకునే మానిటర్లు ఇంకా పూర్తికాలేదని స్కానరు చూపిస్తుంది. అలా కనిపిస్తే కారును కొన్ని రోజులు నడిపిన తరువాత మళ్ళీ చూస్తామని చెప్పండి.

ప్రశ్న: పోర్షే ఐఎంఎస్ బేరింగ్ గురించి భయపెడుతున్నారు. నిజమేనా?

నిజమే, కానీ అన్ని పోర్షేలకు కాదు. 1990ల చివరి నుంచి 2008 వరకు వచ్చిన 986, 987 బాక్స్‌టర్, మొదటి కేమన్, 996, 997 తొలి తరం 911 మామూలు మోడళ్ళ ఇంజిన్లలో మధ్య షాఫ్టు (ఐఎంఎస్) బేరింగ్ విఫలమైతే ఇంజిన్ మొత్తం పోయే ప్రమాదం ఉంది. 2009 మోడల్ నుంచి వచ్చిన కొత్త ఇంజిన్‌లో ఆ షాఫ్టే లేదు. పాత ఇంజిన్ల కారైతే బేరింగ్ మార్చిన బిల్లు అడగండి, ఆయిల్ ఫిల్టరు విప్పించి మడతల్లో మెరిసే లోహపు పొడి ఉందేమో చూడండి. ఆ కాలపు 3.4, 3.8 లీటర్ల ఇంజిన్లలో సిలిండరు గోడల మీద గీతలు పడే సమస్య కూడా ఉంది, దానికి కెమెరా పంపి చూడటమే మార్గం.

ప్రశ్న: మన ఎండలకు ఈ కార్లు తట్టుకుంటాయా?

మంచి స్థితిలో ఉన్నవి తట్టుకుంటాయి. బెంగళూరు చల్లటి గాలిలో బయటపడని కూలింగ్ లోపం మాత్రం ఏప్రిల్ నెల కర్నూలులో మొదటి వారంలోనే బయటపడుతుంది. అందుకే కొనే ఊళ్ళోనే దానికి పరీక్ష పెట్టాలి. అరగంట గట్టిగా నడిపిన తరువాత ఏసీ పూర్తిగా పెట్టి, కారును నిలబెట్టి పావుగంట ఇంజిన్ నడవనివ్వండి. రేడియేటరు ఫ్యాన్లు అన్నీ తిరుగుతున్నాయా, స్కానరులో కూలెంట్ ఉష్ణోగ్రత ఒకచోట నిలుస్తోందా లేక ఆగకుండా పెరుగుతోందా చూడండి. కూలెంట్ నిల్వ ఉండే ప్లాస్టిక్ డబ్బా పసుపుపచ్చగా మారి పగుళ్ళు తీసిందా, రబ్బరు పైపులు నొక్కితే మెత్తగా వంగుతున్నాయా లేక గట్టిపడి చిట్లుతున్నాయా పరిశీలించండి. వెనుక ఇంజిన్ ఉన్న పోర్షేల రేడియేటర్లు ముందు బంపరు మూలల్లో ఉంటాయి. ఆ గాలి రంధ్రాల గుండా టార్చి వేసి చూస్తే వేపాకు ఈనెలు, ప్లాస్టిక్ ముక్కలు, దుమ్ము కలిసి గూడు కట్టినట్టు కనిపించడం నేను చాలాసార్లు చూశాను. ఆ చెత్త తడిని పట్టి ఉంచి రేడియేటరును, దాని ముందున్న ఏసీ కండెన్సరును తినేస్తుంది.

ప్రశ్న: టెస్ట్ డ్రైవ్ ఎంత దూరం చేయాలి?

కనీసం నలభై నిమిషాలు, అందులో ఊరి ట్రాఫిక్, హైవే, గతుకుల రోడ్డు మూడూ ఉండాలి. పాటలు ఆపి, అద్దాలు దించి నడపండి. నాలుగో గేరులో తక్కువ వేగం నుంచి యాక్సిలరేటర్ పూర్తిగా తొక్కినప్పుడు ఇంజిన్ చప్పుడు పెరిగి కారు వేగం పెరగకపోతే క్లచ్ ప్లేటు జారుతోందని అర్థం. స్కోడా ఆక్టేవియా వీఆర్ఎస్, ఫోక్స్‌వ్యాగన్ పోలో జీటీఐ వంటి డీఎస్‌జీ (రెండు క్లచ్‌ల ఆటోమేటిక్ గేర్ బాక్స్) కార్లలో మెల్లగా ఆగి మెల్లగా కదిలేటప్పుడు, రివర్స్ వేసినప్పుడు కుదుపు వస్తోందా గమనించండి. హైవే వేగంలో ఈ లోపం కనిపించదు. అమ్మే కారు కడప చుట్టుపక్కలే ఉంటే గువ్వలచెరువు ఘాట్ బ్రేకులకు, కూలింగ్‌కు మంచి పరీక్ష. అయితే అది లారీలతో నిండిన ప్రమాదకరమైన దారి కనుక అక్కడ చూడవలసింది కారు నిబ్బరాన్నే, వేగాన్ని కాదు.

ప్రశ్న: టైర్లు, బ్రేకుల సంగతి?

టైరు పక్కన నాలుగంకెల సంఖ్య చూడండి. 2319 అంటే 2019లో 23వ వారంలో తయారైనది. టైరు గాడులు ఎంత లోతుగా ఉన్నా ఆరేళ్ళు దాటిన టైరును వేగంగా నడిపే కారుకు ఉంచకూడదు. లోపలి అంచు మాత్రమే అరిగితే అలైన్‌మెంట్ లేదా సస్పెన్షన్ బుష్‌ల లోపం. బ్రేకు డిస్కు మీద కనీస మందం చెక్కి ఉంటుంది, కొలిచి చూడండి. సిరామిక్ డిస్కులైతే అంచులు పెచ్చులూడాయేమో ప్రత్యేకంగా చూడాలి, వాటిని మార్చడం చిన్న కారు కొన్నంత ఖర్చు.

ప్రశ్న: ఇంజిన్ కంప్యూటరు ప్రోగ్రాము మార్చి (రీమ్యాప్ చేసి) పవర్ పెంచిన కారు కొనవచ్చా?

నేను వద్దంటాను. పెంచిన పవర్‌కు టర్బో, క్లచ్, గేర్ బాక్స్ ఎంత అరిగాయో చెప్పడం కష్టం. పైగా మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ప్రకారం కంపెనీ నిర్దేశించిన వివరాలకు విరుద్ధంగా వాహనాన్ని మార్చకూడదు, 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా దీనిని స్పష్టం చేసింది. ప్రమాదం జరిగితే బీమా క్లెయిమ్ దగ్గర ఇది అడ్డుపడుతుంది.

ప్రశ్న: కర్ణాటక లేదా తెలంగాణ నంబరు కారు కొంటే కాగితాల్లో ఏమి చూడాలి?

ఆర్‌సీలోని ఛాసిస్ నంబరు 17 అక్షరాలనూ కారు మీద చెక్కినదానితో ఒక్కొక్కటిగా సరిచూడండి, ఇంజిన్ నంబరు కూడా. వాహన్ పోర్టల్‌లో ఫైనాన్స్, బ్లాక్‌లిస్టు, పెండింగ్ చలాన్లు చూడండి. ఫైనాన్స్ ఉంటే బ్యాంకు ఎన్‌ఓసీ (అభ్యంతరం లేదన్న పత్రం), ఆర్‌సీలో ఫైనాన్స్ తొలగించే ఫారం 35 కావాలి. యాజమాన్య మార్పుకు ఫారం 29, 30, రాష్ట్రం మారడానికి కారు రిజిస్టరైన ఊరి ఆర్టీఓ ఇచ్చే ఫారం 28 ఎన్‌ఓసీ అవసరం. వేరే రాష్ట్రంలో 12 నెలలకు మించి ఉంచే వాహనానికి కొత్త నంబరు తీసుకోవాలని చట్టం చెబుతోంది, అప్పుడు ఇక్కడ లైఫ్ ట్యాక్స్ కట్టాలి. కారు అసలు ధర, వయసు ఆధారంగా లెక్కించే ఈ పన్ను స్పోర్ట్స్ కారుకు లక్షల్లో ఉంటుంది. చవకగా దొరికిందనుకున్న కారు ఈ ఒక్క లెక్కతో చవక కాకుండా పోయిన సందర్భాలున్నాయి కనుక, బేరం ఆడకముందే ఆర్టీఓ ఆఫీసులో ఆ మొత్తం ఎంతో అడిగి తెలుసుకోండి.

ప్రశ్న: వర్క్‌షాపు పరిశీలనకు అమ్మే వ్యక్తి ఒప్పుకోకపోతే?

తిరిగి వచ్చేయండి. మరో కొనుగోలుదారు డబ్బుతో సిద్ధంగా ఉన్నాడని చెప్పినా సరే.

ప్రశ్న: కొన్న రోజే ఇంటికి నడుపుకుని రావచ్చా?

బీమా వివరాలు సరిచూసుకున్న తరువాతే బయలుదేరండి. యాజమాన్యం మారిన 14 రోజుల లోపు బీమాను మీ పేరుకు మార్చమని కంపెనీకి రాయాలి, పాత యజమాని నో క్లెయిమ్ బోనస్ మీకు రాదు. పగటిపూట, వీలైతే ఉదయమే రండి. బెంగళూరు నుంచి అనంతపురం వచ్చేవారు చిక్‌బళ్ళాపురం దాటాక ఒకసారి, పెనుకొండ దగ్గర మరోసారి, హైదరాబాదు నుంచి కర్నూలు వచ్చేవారు జడ్చర్ల దగ్గర ఆగి, చల్లారనిచ్చి, ఆయిల్, కూలెంట్ మట్టాలు చూడండి. ఊళ్ళోకి వచ్చాక స్పీడ్ బ్రేకర్లను ఐమూలగా, ఒక్కొక్క చక్రం ఎక్కేలా దాటించండి. ఇంటి గేటు ముందున్న ర్యాంపు ఏటవాలు ఎంతో కొనకముందే కొలుచుకుని ఉంటే, కారు ముందు బంపరు కింది అంచు గీసుకోకుండా లోపలికి వస్తుంది.